ఆ పూట వాడిది

విమానం టికెట్లు తీసేటప్పుడు మా వాడు పెద్దవాడు. విమానాల వాళ్ల లెక్కలో 12 నిండగానే పిల్లల టికెట్టు పోతుంది. హోటల్ గది వెతికేటప్పుడు వాడు పెద్దవాడూ కాదు, చిన్నవాడూ కాదు, ఒక అదనపు మంచం. మ్యూజియం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చంటిపిల్లాడు. పారిస్‌లో లూవ్ర్ లాంటి చోట 18 నిండేదాకా టికెట్టుకి డబ్బులే అడగరు. వాడికి 13. ఒకే ప్రయాణంలో మూడు కౌంటర్ల దగ్గర మూడు వయసులు. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? సూట్‌కేసు మోయాల్సి వస్తే "నా అంత పొడుగయ్యావు, పట్టుకో" అంటాం. రాత్రి పదింటికి ఇంకో వీధి చూసొద్దామంటే "నువ్వింకా చిన్నవాడివి" అంటాం.

ఈ వయసు పిల్లల్ని తీసుకుని ఏదైనా నగరానికి వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా వెతికేది ఒకటే. వీళ్లకి అక్కడ ఏం చూపించాలి? నేనూ అదే వెతికాను. ఇప్పటికి అలాంటి ప్రయాణాలు రెండయ్యాయి. ఇప్పుడు నాకనిపించేది, ఆ ప్రశ్న దగ్గరే మనం తప్పుదారి పడుతున్నామని. ఐదేళ్లవాడికి మనం చూపిస్తాం. ఇరవయ్యేళ్లవాడు తనే వెళ్లి చూసుకుంటాడు. పదమూడేళ్లవాడికి చూపించబోతే వాడు ఫోన్ చూస్తాడు. వాడికి ప్రయాణంలో కొంత భాగం రాసివ్వాలి, పొలంలో ఓ చెక్క రాసిచ్చినట్టు. రాసిచ్చాక అందులో ఏం వేస్తాడో, అది పండుతుందో ఎండుతుందో వాడిష్టం.

ఏ నగరాలకి వెళ్లామో కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఇది ఆ ఊరి గురించి అయిపోతుంది. అక్కడ ఏం చూడాలో చెప్పేవాళ్లు వేలమంది ఉన్నారు.

మొదటి ప్రయాణానికి నేను ఎక్సెల్ షీటు తయారుచేశాను. రోజుకో రంగు. ఉదయం తొమ్మిదింటికి మ్యూజియం, పన్నెండున్నరకి భోజనం, ఒంటిగంటన్నరకి కోట, నాలుగింటికి నది. ఏ స్టేషన్‌లో ఎక్కాలో, ఏ గేటులోంచి బయటికి రావాలో కూడా రాసుకున్నాను. ఆ షీటు చూసి మా ఆయన "ఆఫీసులో కూడా ఇంత పని చేయవు" అన్నాడు. నిజమే. వాడికి చూపిస్తే "ఓకే" అన్నాడు. ఆ "ఓకే"ని నేను అంగీకారం అనుకున్నాను. ఈ వయసు పిల్లలున్న వాళ్లకి తెలుసు, అది అంగీకారం కాదు, సంభాషణ అయిపోయిందని చెప్పడం.

రెండోరోజు తొమ్మిదింటికి మ్యూజియంలో ఉన్నాం. పావుతక్కువ పదకొండుకి వాడు కనపడలేదు. రెండు గదులు వెనక్కి వెళ్తే, ఒక మూల గోడవారగా వంగి నిలబడి ఉన్నాడు. చుట్టూ మూడు వందల ఏళ్లనాటి పెయింటింగులు. వాడు చూస్తున్నది నేల దగ్గర పెట్టిన చిన్న గాజుపెట్టె. అందులో గుండ్రటి డ్రమ్ము, దాని చుట్టూ గళ్లకాగితం, దానికి ఆనుకుని రెండు సన్నటి పాళీలు. డ్రమ్ము తిరుగుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా తిరుగుతోంది. పాళీలు కాగితం మీద రెండు వంకర గీతలు గీస్తున్నాయి. నాకు ఒళ్లు మండింది. "ఇంత దూరం వచ్చి ఈ డబ్బా చూస్తున్నావా?" అన్నాను. అక్కడ కాపలా ఉన్న పెద్దాయన లేచి వచ్చి, ఒక గీత గదిలో వేడిని, ఇంకోటి గాలిలో తేమని రాస్తుందని, తేమ ఎక్కువ తక్కువైతే బొమ్మల కింద ఉన్న చెక్క ఉబ్బుతుందని, రంగు పెచ్చులూడుతుందని, వారానికోసారి కాగితం మారుస్తారని చెప్పాడు. వాడు గీతలో ఒకచోట గూను లేచి ఉంటే చూపించి అదేంటని అడిగాడు. మొన్న స్కూలు పిల్లలు వందమంది ఒకేసారి వచ్చారు, వాళ్ల ఊపిరి అది, అన్నాడాయన.

ఆ మ్యూజియంలో చూసిన పెయింటింగుల్లో నాకిప్పుడు నాలుగైదు గుర్తున్నాయి. వాడికి ఒక్కటీ గుర్తులేదు. పెట్టెలో గూను మాత్రం నిన్నమొన్న కూడా ఎవరికో చెప్తున్నాడు. ఇందులో గెలిచిందెవరో, ఓడిందెవరో నేను తేల్చదలుచుకోలేదు. నా షీటులో ఆ పెట్టెకి గడి లేదు, ఉండే అవకాశమూ లేదు. అది దొరకాలంటే షీటులో ఖాళీ ఉండాలి. నా షీటులో లేనిది అదే.

మ్యూజియాల్లో అలసిపోవడం పిల్లల బద్ధకం కాదు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ అనే ఆయన 1916లోనే దీనిమీద వ్యాసం రాశాడు. ఒక మనిషిని ప్రదర్శనలో నిలబెట్టి, అక్కడున్న వస్తువుల గురించి ప్రశ్నలిచ్చి, జవాబుల కోసం ఆయన ఎలా వంగాడో, ఎలా చతికిలబడ్డాడో, మెడ ఎలా తిప్పాడో ఫోటోలు తీయించాడు. తప్పు చూసేవాడిది కాదు, వస్తువులు పెట్టిన తీరుదని ఆయన వాదన. నూరేళ్లు దాటినా మనం మాత్రం "నీకు ఆసక్తి లేదు" అని పిల్లల్నే అంటున్నాం. లూవ్ర్‌లో ప్రదర్శనలో ఉన్నవి సుమారు 35,000 వస్తువులు. ఒక్కోదానికి అర నిమిషం చొప్పున నిద్రాహారాలు మాని చూసినా పన్నెండు రోజులు పడుతుంది. అన్నీ చూడలేమని ఒప్పుకున్నాక, నాలుగు చూస్తామా నలభై చూస్తామా అన్నది పట్టుదలే తప్ప జ్ఞానం కాదు.

ఆ నాలుగు కూడా ముందే కథగా వాడి చెవిన వేయడం మంచిది. మోనాలిసా గురించి రంగులు, నవ్వు, పనితనం అని చెప్పి చూడండి, ఆవలిస్తారు. అది 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు ఉన్న చిన్న చెక్కపలక. 1911 ఆగస్టులో అక్కడే పనిచేసి మానేసిన ఒక మనిషి దాన్ని గోడ మీంచి దించి పట్టుకుపోయాడు. పోలీసులు పికాసోని కూడా పిలిచి అడిగారు. రెండేళ్లకి పైగా అది దొరకలేదు. ఈలోగా జనం వరసకట్టి వచ్చి గోడ మీద ఖాళీని చూసి వెళ్లారు. ఇది చెప్పగానే మా వాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఖాళీ చూడ్డానికి కూడా టికెట్టా?" అని. అంతే, వాడు అందులో పడ్డాడు.

ఇక నిద్ర. దీనిమీద మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. మా ఆయనకి తెల్లారి లేవకపోతే రోజు పోయినట్టే. "ఇంత ఖర్చు పెట్టి పడుకోవడానికా వచ్చాం?" అన్నది ఆయన వాదన. నేనూ మొదట ఆయన వైపే. కానీ ఈ వయసులో ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. అందుకని పదిన్నరకి పడుకోమన్నా వాడికి నిద్ర పట్టదు. పొద్దున్న మాత్రం మనం ఆరింటికే దుప్పటి లాగుతాం. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, ఈ వయసు పిల్లల బడులు ఉదయం ఎనిమిదిన్నర కన్నా ముందు మొదలుపెట్టొద్దని సిఫారసు చేసింది. బడికే వద్దన్న హడావిడి సెలవులకెందుకు?

రెండో ప్రయాణంలో ఉదయం పదిన్నర దాకా వాడి జోలికి పోలేదు. దీనివల్ల వాడికన్నా మాకే మేలు జరిగింది. మేమిద్దరం కలిసి నడిచి ఎన్నేళ్లయిందో. కొట్లు తెరవక ముందు, రోడ్లు ఊడుస్తున్నప్పుడు ఊరిని చూశాం. తిరిగొచ్చేసరికి వాడు లేచి, మొహం కూడా కడుక్కుని, మనుషుల్లో పడి ఉన్నాడు. తొమ్మిదింటి వాడికీ పదకొండింటి వాడికీ మధ్య తేడా చూస్తే ఇద్దరు వేరువేరు పిల్లలనుకుంటారు.

సరే, రాసివ్వడం అంటే ఏంటి? మొదట్లో నేను చేసింది రాసివ్వడం కాదు. "జూకి వెళ్దామా, సైన్స్ మ్యూజియానికి వెళ్దామా?" అని అడిగాను. రెండూ నేను ఎంచినవే. ఇలాంటి ఎన్నికలో ఎవరు గెలిచినా ప్రభుత్వం నాదే. పిల్లలు ఇది ఇట్టే కనిపెడతారు. రెండోసారి, బయల్దేరక ముందే, మాట మార్చాను. "ఆరు రోజుల్లో మూడు పూటలు నీవి. నువ్వు ఎక్కడికంటే అక్కడికి వస్తాం. అది తెరిచి ఉంటుందో లేదో, ముందు బుక్ చేయాలో లేదో, ఎలా వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో నువ్వే చూడాలి. మేం నసగం."

మూడురోజులు ఏమీ చేయలేదు. నాలుగోరోజు రాత్రి నా దగ్గరికి వచ్చి "అమ్మా, మ్యూజియాలకి వారంలో సెలవుంటుందని నీకు తెలుసా?" అన్నాడు. తెలుసు నాన్నా. చాలాచోట్ల సోమవారం, లూవ్ర్‌కైతే మంగళవారం. కానీ ఈ విషయం నేను పది ప్రయాణాల్లో పదిసార్లు చెప్పినా వాడి చెవికెక్కేది కాదు. తన పూట సోమవారం పడబోయింది కాబట్టి ఎక్కింది.

మొదటి పూట వాడు మమ్మల్ని నది మీద పడవ ఎక్కించాడు. విహారాల పడవ కాదు, ఆఫీసులకి వెళ్లేవాళ్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటే మామూలు పడవ. అటువైపు దిగుతామనుకున్నాం. దిగలేదు. అదే పడవలో వెనక్కి. మళ్లీ అటు. వాడు ముందు భాగంలో కమ్మీ పట్టుకుని, పడవ ఒడ్డుకి ఆనేటప్పుడు ఒకమ్మాయి తాడు విసరడం చూస్తున్నాడు. ఉచ్చులా ఉన్న కొసని ఆవిడ నడుము దగ్గర్నుంచి ఊపి వదిలితే నాలుగడుగుల అవతల ఇనుప గుంజకి సరిగ్గా పడేది. రెండో కొసని పడవలో ఉన్న కొక్కేలకి అడ్డంగా, ఇంగ్లీషు ఎనిమిది అంకెలా నాలుగు చుట్లు చుట్టేది. తాడు బిగుసుకుని కిర్రుమనేది, నీళ్లు కారేవి, పడవ ఓసారి మూలిగి ఆగేది. మా వాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేస్తున్నాడు. మొదటిసారి 19 సెకన్లు, తర్వాత 17, వాన చినుకులు మొదలయ్యాక 23.

ఇక్కడ నేను "అప్పుడు నాకు వాడి కళ్లతో లోకం కనపడింది" అని రాయాలేమో. రాయను. నాకు రెండోసారికే విసుగొచ్చింది. మూడోసారి కూడా విసుగే. మా ఆయన నిద్రపోయాడు. కానీ నసగమని మాటిచ్చాం, నసగలేదు. మర్నాడు నా పూట. పాత ఇళ్లున్న ఒక పేట మొత్తం కాలినడకన తిరిగాం. వాడు మొహం మాడ్చుకునే తిరిగాడు గానీ తిరిగాడు. "ఇంకెంతసేపు" అని ఒక్కసారే అడిగాడు. మొహం మాడ్చుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. పడవలో నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు కదా.

"మా చిన్నప్పుడు మమ్మల్ని ఎవరైనా అడిగారా? తీసుకెళ్తే వెళ్లాం, చూపిస్తే చూశాం" అన్నారు మా అత్తగారు ఇదంతా విని. అడగలేదు అత్తయ్యా, నన్నూ అడగలేదు. మా నాన్న మమ్మల్ని చాలా ఊళ్లు తిప్పారు. ఆయన ముందు, మేం వెనక. ఆ ఊళ్లన్నిట్లో నాకిప్పటికీ స్పష్టంగా గుర్తున్నది ఆయన వీపు. చెమటకి చొక్కా అతుక్కున్న చోటు, భుజం మీద సంచి పట్టీ. తప్పిపోకుండా ఆ వీపుని చూస్తూ నడవడమే నా పని. ఆయన మీద నాకే కోపమూ లేదు. ఇప్పుడు ఫోటోలు చూస్తే తప్ప ఆ ఊళ్లు గుర్తురావడం లేదంటున్నాను, అంతే.

వాడు ముందు, మేం వెనక నడవాలంటే వాడి చేతిలో మ్యాపు ఉండాలి. నగరంలో ఈ పని ఇంకెక్కడా లేనంత బాగా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ రైళ్లుంటాయి. లండన్ భూగర్భ రైలు మ్యాపుని ఇప్పుడు మనం చూసే రూపంలో 1931లో గీసినాయన హ్యారీ బెక్. కరెంటు సర్క్యూట్ల డ్రాయింగులు వేసేవాడు. నేల కింద ఉన్నవాడికి పైన వీధి ఎన్ని వంపులు తిరిగిందో అనవసరం, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి అన్నదే కావాలని, గీతలన్నీ నిలువు, అడ్డం, ఏటవాలు చేసేశాడు. మొదట పై వాళ్లు వద్దన్నారు. 1933లో అచ్చువేస్తే జనం ఎగబడ్డారు. ఇప్పుడు ప్రపంచంలో చాలా మెట్రోల మ్యాపులు ఆ దారిలోనే ఉన్నాయి. పదమూడేళ్ల బుర్రకి అది వీడియోగేమ్ లాంటిదే. అందులో ఒక మోసం కూడా ఉంది, దూరాలు నిజం కావు. లండన్‌లో లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ అనే రెండు స్టేషన్ల మధ్య దూరం 260 మీటర్లే. మ్యాపు నమ్మి రైలెక్కేవాడికన్నా నడిచేవాడే ముందు చేరతాడు. ఆ మోసం వాడు పట్టుకోవాలి. పట్టుకోవాలంటే ఓసారి మోసపోవాలి.

మేం మోసపోయింది వేరే చోట. వాడు గీత రంగు చూశాడు, రైలు ఏ చివరికి పోతుందో చూడలేదు. ఎక్కేశాం. మొదటి స్టేషన్ రాగానే మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను మోచేత్తో పొడిచాను. ప్రమాదం లేనంతవరకు నోరెత్తొద్దని ఒప్పందం. రెండో స్టేషన్, మూడో స్టేషన్. అప్పుడు వాడు తలుపు పైనున్న పట్టీ చూసి, వేలితో పేర్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "దిగుదాం" అన్నాడు, మా వైపు చూడకుండా.

అక్కడిదాకా బాగానే ఉంది. ప్లాట్‌ఫాం మీద దిగగానే మా ఆయన అన్నాడు: "నాకు మొదటి స్టేషన్‌లోనే తెలుసు."

ఆ మధ్యాహ్నం పోయింది. వాడు మ్యాపు తీసి నా చేతిలో పెట్టాడు. రాత్రి దాకా అడిగినదానికి తప్ప మాట్లాడలేదు. తప్పు చేయనివ్వడం వేరు, తప్పు కోసం కాచుక్కూచోడం వేరు. ముందే చెప్పేసినా వాడికి అంత బాధనిపించేది కాదు. తెలిసీ ఊరుకుని, ఊరుకున్నామని కూడా చెప్పుకున్నాం చూడండి, అదీ అవమానం. మా ఆయనకీ అర్థమైంది. ఆ రాత్రి ఏదో జోకు వేయబోయి మానేశాడు. మర్నాడు పదిన్నరకి వాడే బల్ల మీంచి మ్యాపు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎవరం ఏమీ అనలేదు.

అన్నీ వాడి చేతిలో పెట్టానని అనుకోకండి. రోడ్డు దాటే విషయంలో, రాత్రి గదికి చేరే వేళ విషయంలో బేరం లేదు. ఒంటరిగా తిరగడానికీ ఒప్పుకోలేదు. బయల్దేరక ముందే ఒకటి నోటికి వచ్చేలా చెప్పుకున్నాం. రైలు తలుపులు మధ్యలో మూసుకుని మనం విడిపోతే, రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి దిగినచోటే నిలబడాలి, ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్లు తర్వాతి రైల్లో అక్కడికి వస్తారు. ఎవరూ వెనక్కి రాకూడదు. ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే దాటిపోతారు. హోటల్ పేరు, చిరునామా, మా నంబర్లు కాగితం మీద రాసి వాడి జేబులో పెట్టాం. ఫోన్ ఉండగా కాగితమెందుకని నవ్వాడు. మ్యాపు చూసీ చూసీ మూడింటికల్లా ఛార్జింగ్ అయిపోయిన రోజు నవ్వలేదు.

డబ్బు సంగతి ఒక్క మాట. అడిగినప్పుడల్లా కొనిపెట్టడం మానేసి, రోజుకింత అని పొద్దున్నే చేతికిచ్చేశాం. మిగిలింది వాడిదే. అప్పటిదాకా కనపడ్డ ప్రతి కీచైనూ కావాలన్నవాడు, ఆరు రోజుల్లో కొన్నది ఒక్కటే వస్తువు. అది కూడా రెండు కొట్లలో ధర చూసి.

ఫోటోల దగ్గర తప్పు నాదే. వాడు పడవలో చినుకులకి తడిసి, జుట్టు నుదుటికి అంటుకుని, స్టాప్‌వాచ్ వైపు చూస్తూ నిలబడ్డ ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాను. ఎంత ముద్దుగా ఉన్నాడో అని. పది నిమిషాల్లో వాడి వరసకి అన్నయ్య ఒకడు దానికేదో రాశాడు. మా వాడు వచ్చి "నన్ను అడిగావా?" అన్నాడు. అరవలేదు. అరిస్తే నేనూ అరిచి గెలిచేదాన్ని. తీసేశాను. అప్పట్నుంచి అడుగుతున్నాను. పదింట్లో ఏడింటికి వద్దంటాడు. ఆ మూడు ఫోటోల్లో మాత్రం కెమెరా వైపు చూసి నవ్వుతాడు.

ఈ పద్ధతిలో పోయేవి చాలానే ఉన్నాయి. ఆ నగరంలో అందరూ చూసే రెండు ప్రసిద్ధ చోట్లు మేం చూడలేదు. వచ్చాక "అయ్యో, అది చూడకుండా వచ్చారా?" అన్నవాళ్లకి ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. మళ్లీ ఎప్పటికి వెళ్తామో, అసలు వెళ్తామో లేదో. డబ్బు లెక్క చూసుకుంటే ఒక పూట మొత్తం ఒకే నదిని మూడుసార్లు దాటడానికి ఖర్చుపెట్టాం. ఇది నష్టం కాదని నేననను. కానీ ఇంకో మూడేళ్లు పోతే వాడు మాతో సెలవులకి వస్తాడన్న నమ్మకం నాకు లేదు. చూడాల్సిన చోట్లు అప్పటికీ అక్కడే ఉంటాయి, మేమిద్దరమే వెళ్లి చూడొచ్చు. వాడు ముందు నడుస్తూ, మూల మలుపు దగ్గర ఆగి, మేం వస్తున్నామో లేదో అని వెనక్కి తిరిగి చూసే వయసు మాత్రం ఇదొక్కటే.

వచ్చే సెలవులకి ఇంకో నగరం అనుకుంటున్నాం. ఆరు రోజులు, పన్నెండు పూటలు. వాడు ఐదు అడుగుతున్నాడు, నేను నాలుగంటున్నాను. ఈలోగా మా ఆయన, ఇన్నేళ్లుగా తననెవరూ ఏమీ అడగలేదని, తనకీ రెండు పూటలు కావాలని, అందులో ఒకటి తెల్లవారుజామున అని పట్టుబట్టాడు. ఇంకా తేలలేదు.